ఖిచిడి బండి

నాందేడ్,
జూలై 6

ఉమాకాంత్ మామకు,
అర్పిత నమస్కారాలు.

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం చదివి నన్ను తిట్టుకుంటావు. ఈ ఏడాది మా సంస్థ నలభై జిల్లా పరిషత్ బడుల టీచర్లకు శిక్షణ ఇస్తోంది. ఆ నలభైలో నీ పేరుంది. ఎవరో పెట్టలేదు, నేనే పెట్టాను. పెట్టి వారమైంది, చెప్పడానికి ధైర్యం చాలలేదు. మాండవిలో నీ ఫోన్ కలవదు, కలిసినా సగం మాటలే వినిపిస్తాయి. అదీగాక తెలుగులో రాస్తే మా ఆఫీసులో ఎవరూ చదవలేరన్న ధీమా ఒకటి. వేసవి సెలవుల్లో ధర్మాబాద్ స్టేషన్‌లో నిజామాబాద్ పేపరు కొని, దాని మీద వేలు పెట్టించి నాకు తెలుగు అక్షరాలు నేర్పావు కదా, ఇప్పుడు అనుభవించు.

పని ఏమిటో చెబుతాను. ఇది సైన్సు పాఠం కాదు. మోడళ్ల పోటీ కూడా కాదు. మీ బడిలో ఎవరికో ఉన్న ఒక ఇబ్బందిని పిల్లలు పట్టుకోవాలి. ఇబ్బంది పడే మనిషినే వెళ్లి అడగాలి. తర్వాత బొమ్మ గీసి, చేతికందిన సామానుతో ఒక వస్తువు చేసి, వాడి చూసి, ఎక్కడ తప్పిందో తెలుసుకుని, మార్చి మళ్లీ చెయ్యాలి. ఇంజినీర్లు చేసే డిజైన్ అంటే ఇంతే. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినా కాలేజీలో నాకిది ఎవరూ నేర్పలేదు. మార్కుల కోసం తప్పులు దాచడం మాత్రం బాగా అబ్బింది.

అందుకే పిల్లలకు ఇచ్చే నోటుబుక్కులో "ఎక్కడ తప్పింది" అని ఒక కాలమ్ పెట్టించాను. కనీసం మూడు తప్పులు రాయకపోతే ఆ నోటుబుక్కు చెల్లదు. ఆ ఆలోచన నాదే మామా. మా పెద్ద మేడం ప్రగతి గారు మీటింగులో లేచి చప్పట్లు కొట్టారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

డిసెంబరులో ఇక్కడ ప్రదర్శన ఉంటుంది. అది బాగా జరిగితే ఈ పని నూట ఇరవై బడులకు పాకుతుంది. లేకపోతే మూత పడుతుంది, నేను పుణె పోయి ఏదో కంపెనీలో కూర్చోవాలి. నా పరువు నీ చేతుల్లో పెట్టాను. నవ్వుతూనే రాస్తున్నాను గాని, నిజమే.

నీ మేనకోడలు,
అర్పిత

*

మాండవి,
ఆగస్టు 20

చిరంజీవి అర్పితకు,
మామ ఆశీస్సులు.

తిట్టుకోలేదు. పైకే తిట్టాను. మీ అత్త లోపలినుంచి "ఎవల్ని తిడుతున్నవ్ పొద్దుగాల పొద్దుగాల?" అని అడిగింది. నీ పేరు చెబితే "అయితే తిట్టు, నీకు గామె ఒక్కతే దొరికింది" అని ఊరుకుంది.

కిన్వట్‌లో మూడు రోజుల శిక్షణ అయింది. యాభై నాలుగేళ్ల మనిషిని కింద కూర్చోబెట్టి పాత పేపర్లతో వంతెన కట్టించారు. నా వంతెన మీద ఒక్క ఇటుక పెట్టగానే కూలింది. మీ ట్రైనర్ అమ్మాయి "వా సార్, ఎంత మంచి తప్పు!" అన్నది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో తప్పు చేసినందుకు నన్ను మెచ్చుకున్న మనిషి ఈమె ఒక్కతే.

తిరిగొచ్చి మా సాగ్‌వాడి బడిలో ఏడో తరగతికి మొదలుపెట్టాను. ముప్ఫై రెండు మంది. బడిలో ఇబ్బంది ఏమిటో చెప్పండంటే అమోల్ లేచి "బడి టైమే పెద్దగున్నది సార్" అన్నాడు. తరగతంతా వాడి పక్షమే. చివరికి పూనమ్ అనే పిల్ల చెప్పింది. "మా ఆజి ఒక్కతే ఖిచిడి గిన్నె దించుతది సార్. రాత్రి రెక్కలు నొస్తయంటది."

మా బడి వంట రఖమాబాయి చేస్తుంది. పూనమ్ ఆమె మనవరాలు. నూటపది మందికి సరిపడా ఖిచిడి గిన్నెను పొయ్యి మీంచి దించి, వరండా దాటి పిల్లలు కూర్చునే చోటికి మోస్తుంది. పన్నెండేళ్లుగా రోజూ చూస్తున్నాను. అదొక ఇబ్బంది అని నాకెప్పుడూ తోచలేదు. పిల్ల చెప్పగానే సిగ్గేసింది.

సరే, గిన్నెకు బండి చెయ్యాలనుకున్నాం. ముప్ఫై రెండు మంది ముప్ఫై రెండు విధాల కొట్లాడుకుంటున్నారు. మూడు వారాలైనా ఒక మేకు దిగలేదు. నువ్వు వచ్చే నెల చూడ్డానికి వస్తున్నావని ఆఫీసు కాగితం వచ్చింది. నాగేశ్వర్ అని ఇక్కడి వడ్రంగిని కాస్త సాయం అడిగాను. చక్రాల సంగతి మాత్రమే. కంగారు పడకు, నీ పరువు పోనివ్వను.

మామ

*

నాందేడ్,
సెప్టెంబరు 19

మామా,

నీ బండి నా కళ్లలోంచి పోవడం లేదు. ఆ నీలం రంగు, గిన్నె కదలకుండా చుట్టూ చెక్క కట్టు, నాలుగు చక్రాలు! నేను చూసిన పదిహేడు బడుల్లో ఇంత నీటైన పని లేదు. పిల్లలు కూడా ఎంత బాగా చెప్పారు. ఎవరిని అడిగినా తడబాటు లేదు. "మొదలు చక్రం చిన్నగైంది, తర్వాత తాడు తెగింది, తర్వాత గిన్నె పట్టలే." అందరూ అదే వరసలో చెప్పారు.

నోటుబుక్కులు కమిటీకి చూపించడానికి నాతో తెచ్చుకున్నాను. కిన్వట్ దాకా జీపులో అవే తిరగేస్తూ వచ్చాను. చాలా శుభ్రంగా ఉన్నాయి. కమిటీ చూసింది. సాగ్‌వాడి బడి ప్రదర్శనకు ఎంపికైంది. నోటుబుక్కులు వచ్చే నెల తాలూకా ఆఫీసు కట్టతో పంపిస్తారు.

ఒక్కటి అడగాలనిపిస్తోంది, అడిగేస్తాను. అది పిల్లలే చేశారు కదా మామా?

ఊరికే అడిగాను. జవాబు రాయకపోయినా సరే.

అర్పిత

*

మాండవి,
అక్టోబరు 22

అర్పితా,

ఇక్కడ వానలు వెనక్కి పోలేదు. కోతకొచ్చిన సోయాబీన్ తడిసి రైతులు తల పట్టుకున్నారు. మీ అత్తకు మోకాళ్ల నొప్పి కాస్త నయం. అక్కకు చెప్పు, దసరాకు రాలేకపోయాను, ఏమీ అనుకోవద్దని. మా బడి కప్పు కారుతోంది, బండికి మాత్రం మంచి చోటు చూసి తాటిపత్రి కప్పి పెట్టాను. ప్రదర్శన అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను.

నువ్వడిగిన దానికి: పిల్లలు చాలా ఉత్సాహంగా పాల్గొన్నారు.

నోటుబుక్కుల కట్ట అందింది. ముప్ఫై ఒకటే ఉన్నాయి. పూనమ్‌ది లేదు. ఆ పిల్లను అడిగితే "నేను ఇచ్చిన సార్, మేడం చేతికే ఇచ్చిన" అంటుంది. ఇస్తే ఎక్కడికి పోతుంది? ఎక్కడో పారేసుకుని అబద్ధమాడుతోందని కోపం వచ్చింది. బడికి ఇచ్చిన సామాను పోగొట్టడమే గాక మేడం మీదికి తోస్తావా అని రెండు పూటలు తరగతి బయట నిలబెట్టాను. ఏడవలేదు, మొండిది. అందరికంటే తెలివైన పిల్లే గాని, ఒక మాట చెబితే వినదు.

మామ

*

నాందేడ్,
డిసెంబరు 20

మామా,

మొదటి బహుమతి నీకే. ఫోటోలో నువ్వు శాలువా కప్పుకుని ఎందుకంత బిగుసుకుపోయావు? అమ్మ ఆ పేపరు ముక్క పట్టుకుని ధర్మాబాద్ బజారంతా తిరిగిందట. "నా తమ్ముడు, నా బిడ్డ, ఇద్దరు ఒక్క ఫోటోల!" అని.

మా పని రెండేళ్లు పొడిగించారు. నూట ఇరవై బడులు. ఆ బడులన్నింటికీ ఒక పుస్తకం వేస్తున్నాం, ఎలా మొదలుపెట్టాలి, ఏం అడగాలి అని. అందులో మొదటి ఉదాహరణ నీ బండే. కొలతలతో సహా బొమ్మ వేయించాను. చూసి ఎవరైనా చేసుకోవచ్చు.

పూనమ్ నోటుబుక్కు సంగతి వదిలెయ్. ఆ పిల్లను ఇంకేమీ అనకు. అక్టోబరులోనే రాయాల్సింది, పని ఒత్తిడిలో పడిపోయాను. నిజంగా ఏమీ అనకు మామా.

అర్పిత

*

మాండవి,
జనవరి 18

అర్పితా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను.

మొన్న పదమూడున జిల్లా నుంచి ఒక సాహెబు వస్తున్నాడని కబురొచ్చింది. బహుమతి వచ్చిన బండి వాడుతుండగా ఫోటో కావాలన్నారు. నిజం చెప్పాలంటే ఆ బండిని అప్పటిదాకా ఒక్కరోజు కూడా వాడలేదు. ముందు ప్రదర్శన కోసం దాచాం, తర్వాత అలవాటుగా దాచాం. నేను రఖమాబాయి దగ్గరికి పోయి ఇవాళ గిన్నె బండి మీద పెట్టి తీసుకురావాలన్నాను. ఆమె బండిని, వరండాను చూసి, "వద్దు సార్, గది జారుతది" అన్నది. "ఒక్క దినమే బాయీ, ఫోటో కోసం" అన్నాను నేను. "మీ ఇష్టం సార్" అని గిన్నె ఎక్కించింది.

మా వరండా వాన నీళ్లు పోవడానికి వాకిలి వైపు వాలుగా కట్టారు. పన్నెండేళ్లుగా దాని మీద నడుస్తున్నాను. బండి నాలుగడుగులు నిదానంగా పోయి, ఒక్కసారిగా పరుగందుకుంది. ఆమె వదిలేసి పక్కకు తప్పుకోవచ్చు. ఎదురుగా పిల్లలు పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు. అందుకని వదల్లేదు, ముందుకు పోయి కాలు అడ్డం పెట్టింది. గిన్నె ఒరిగి వేడి వేడి ఖిచిడి ఆమె రెండు పాదాల మీద పడింది. సాహెబు చేతిలో ఫోన్ అలాగే ఉంది.

కిన్వట్ తీసుకుపోయాం. ఎడమ కాలు బాగా కాలింది. రెండు నెలలు నడవకూడదన్నారు. వంట కోడలు చేస్తోంది. ముసలామెను చూసుకోవడానికి పూనమ్ బడి మానేసింది.

ఇక నువ్వు సెప్టెంబరులో అడిగిన దానికి జవాబు. ఆ బండి పిల్లలు చెయ్యలేదు. నేను బొమ్మ గీసిచ్చాను, నాగేశ్వర్ చేశాడు. పిల్లలు రంగు వేశారు. నోటుబుక్కుల్లో మూడు తప్పులు ఉండాలన్నావు. చెయ్యని బండికి తప్పులెక్కడివి? కూర్చుని ఆలోచించి మూడు తప్పులు కల్పించి బోర్డు మీద రాశాను, అందరూ ఎక్కించుకున్నారు. నువ్వొచ్చే ముందు నాలుగు రోజులు వల్లె వేయించాను. తపాసణీ అని బడి తనిఖీకి సాహెబులు వచ్చినప్పుడల్లా ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని ఇదే. జవాబులు వల్లె వేయించేవాణ్ణి, ఈసారి తప్పులు వల్లె వేయించాను. చేస్తున్నప్పుడు నాకు తేడా తెలియలేదు.

రఖమాబాయిని ఒక్కసారి, ఒక్కసారి అడిగి ఉంటే చాలు. అడగమని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. వంటామెను నేను అడిగేదేంటి అనుకున్నాను. నీ ముందు పరువు పోతుందని భయపడ్డాను. మనుషుల్లో పడలేకుండా ఉన్నాను బిడ్డా.

మామ

*

నాందేడ్,
జనవరి 24

గౌరవనీయులైన ఉమాకాంత్ గారికి,

మీ ఉత్తరం అందింది. రఖమాబాయి గారికి జరిగిన ప్రమాదానికి విచారిస్తున్నాను. చికిత్స విషయంలో మా సంస్థ చేయగలిగిన సాయం చేస్తుంది.

ప్రమాదానికి వరండా వాలు కారణమని మీరే రాశారు. కనుక ఇది ఆ ఒక్క బడికి సంబంధించిన పరిస్థితిగా భావించవచ్చు. నోటుబుక్కుల గురించి మీరు రాసిన సంగతులు ప్రస్తుతానికి ఎవరితోనూ చర్చించవద్దని మనవి. కార్యక్రమం కీలక దశలో ఉంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
అర్పిత

*

మాండవి,
జనవరి 31

అర్పితా,

నిన్ను ఎత్తుకు తిరిగిన మామనమ్మా నేను. ఎప్పటినుంచి "గారు" అయ్యాను? ఆ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపిస్తే "ఎవలు రాసిన్రు గిది?" అని అడిగింది. నీ పేరు చెప్పలేకపోయాను. కోపముంటే తిట్టు. నేను దానికి తగినవాణ్ణే.

ఒక్క సంగతికి జవాబివ్వు. ఆ పుస్తకం ఎన్ని బడులకు పోయింది? కొలతలతో సహా బొమ్మ వేయించానన్నావు. మా బడి ఒక్కటే కాదు, ఈ జిల్లాలో బడి వరండాలన్నీ వాననీళ్లు పోయేలా వాలుగానే కడతారు. ప్రతి బడిలో ఒక రఖమాబాయి ఉంటుంది. నాకు బహుమతి వచ్చిన బండి కాబట్టి నమ్మి చేయిస్తారు. రోజూ పదకొండున్నరకు, గిన్నెలు దించే వేళకు, ఏ బడిలో ఏమవుతోందోనని పాఠం ఆపేస్తున్నాను.

నువ్వు చెప్పకపోతే నేనే నాందేడ్ వచ్చి చెబుతాను. నా సర్వీసు పోతే పోనీ.

మామ

*

నాందేడ్,
ఫిబ్రవరి 5

మామా,

క్షమించు అని రాసి ఆగిపోయాను. ఆ మాటకు నేను తగను. ముందు చదువు.

పుస్తకం ఎనభై ఆరు బడులకు వెళ్లింది.

పూనమ్ నోటుబుక్కు పోలేదు. నా దగ్గరుంది. సెప్టెంబరు నుంచి నా బీరువాలో, బట్టల కింద ఉంది. ఆ రోజు జీపులో నోటుబుక్కులు తిరగేస్తుంటే అన్నింటిలో అవే మూడు తప్పులు. పదో పుస్తకానికే నాకు అర్థమైంది, అక్కడ జరిగిందేమిటో. కళ్లు మూసుకుని తిప్పుతూ పోయాను. ఇరవై ఏడోదో ఎనిమిదోదో పూనమ్‌ది. అది వేరుగా ఉంది. మరాఠీలో రాసింది, నేను తెలుగు చేస్తున్నాను:

"ఆజిని అడిగాను. గిన్నె బరువు కన్నా వరండా వాలు భయం అన్నది. తడి ఉన్నప్పుడు ఇంకా భయం. నేనూ అమోల్ కలిసి మా ఇంటి చక్రాల పీట తెచ్చి, దాని మీద బిందెలో నీళ్లు పెట్టి వరండాలో వదిలాం. జారింది. ఆపలేకపోయాం. గోడకు కొట్టుకుని నీళ్లన్నీ పోయాయి. వేడి ఖిచిడి అయితే? చక్రాలు వద్దు. రెండు వెదురు బొంగులు కట్టి ఇద్దరు మోయాలి. కానీ ఆజి ఒక్కతే. రెండో మనిషి ఎవరు? ఇంకా తెలియదు."

ఎక్కడ తప్పింది అన్న కాలమ్‌లో ఒక్కటే తప్పు రాసింది, మూడు కాదు. నేను పెట్టిన నియమం ప్రకారం ఆ నోటుబుక్కు చెల్లదు మామా. నలభై బడుల్లో నాకు కావలసింది రాసిన పిల్ల ఆమె ఒక్కతే, నా లెక్కలో చెల్లని నోటుబుక్కు ఆమెది ఒక్కటే.

కమిటీ ఆ ఒక్కటి చూస్తే మిగతా ముప్ఫై ఒకటీ అబద్ధమని తెలిసిపోయేది. తీసి నా సంచిలో పెట్టుకున్నాను. తరగతిలో ముప్ఫై ఒక్క మందే అని చెప్పాను. ఎవరూ లెక్క చూడలేదు. నువ్వు ఆ పిల్లను బయట నిలబెట్టానని రాసినప్పుడు ఆ ఉత్తరం మడిచి అదే నోటుబుక్కులో పెట్టాను. "మేడం చేతికే ఇచ్చిన" అన్నది కదా. నిజమే చెప్పింది. నాకే ఇచ్చింది, నవ్వుతూ ఇచ్చింది.

నువ్వు వరండా వాలు గమనించలేదని కుమిలిపోతున్నావు. నీకు తెలియదు. నాకు తెలుసు. నాలుగు నెలల ముందే, చదివి తెలుసు. తెలిసి ఆ బండి బొమ్మను కొలతలతో పుస్తకంలో వేయించాను. రఖమాబాయి పాదాలు కాలింది నీ వల్ల కాదు, నా వల్ల. నా "గారు" అదే. కోపం కాదు, భయం.

రేపు పొద్దున ప్రగతి మేడం దగ్గరికి నోటుబుక్కు పట్టుకుని వెళ్తున్నాను.

అర్పిత

*

మాండవి,
ఫిబ్రవరి 9

అర్పితా,

చదివాను. ఇప్పుడు నీకు ఏం రాసినా తర్వాత బాధపడతాను. ఆ పిల్ల రెండు పూటలు తరగతి బయట నిలబడ్డది. నిజం చెప్పినందుకు నేను నిలబెట్టాను. నువ్వు తెలిసి ఊరుకున్నావు.

నోటుబుక్కు పంపించు. కట్టలో కాదు, రిజిస్టర్ పోస్టులో, ఆ పిల్ల పేరు మీద.

ఉమాకాంత్

*

నాందేడ్,
ఫిబ్రవరి 17

మామా,

నువ్వు "మామ" అని సంతకం పెట్టలేదు. చూశాను. అడగను.

మేడంకు అంతా చెప్పాను. నీ మూడు తప్పులు, నా బీరువా, అన్నీ. ఆమె నోటుబుక్కు తీసుకుని ఆ పేజీ రెండుసార్లు చదివింది. ప్రాజెక్టు ఏమవుతుందని అడుగుతుందనుకున్నాను. "ఆ అమ్మాయి ఇప్పుడు ఏం చేస్తోంది?" అని అడిగింది. బడి మానేసిందని చెప్పాను.

ఎనభై ఆరు బడులకూ నేనే ఫోన్ చేశాను. నాలుగు రోజులు పట్టింది. ప్రతిసారీ పేరు చెప్పి, "పుస్తకంలో మొదటి బండి చెయ్యకండి, అది జారి ఒకామె కాళ్లు కాలాయి, ఆ సంగతి నాకు ముందే తెలుసు" అన్నాను. మొదటి పది ఫోన్లలో చివరి మాట చెప్పలేకపోయాను. వాళ్లకు మళ్లీ చేసి చెప్పాను. తొమ్మిది బడులు అప్పటికే చెక్కలు కోయించాయి. నాయ్‌గావ్ వైపు ఒక బడిలో బండి తయారై, సోమవారం నుంచి వాడదామని రంగు ఆరబెట్టుకుంటున్నారట.

పని ఆపేశారు. విచారణ అయ్యేదాకా నన్ను ఇంట్లో ఉండమన్నారు. బహుమతి వెనక్కి తీసుకుంటారు, నీకు కాగితం వస్తుంది. నిన్ను ఈ జాబితాలో పెట్టినందుకు, పెట్టాక నిజం అడిగి జవాబు వద్దన్నందుకు, నన్ను ఎప్పటికైనా తిట్టు.

నోటుబుక్కు పంపాను. లోపల పూనమ్‌కు మరాఠీలో ఒక ఉత్తరం పెట్టాను. ఏడెనిమిది వాక్యాలే. నువ్వు అబద్ధం చెప్పలేదు, నేను చెప్పాను అని.

ఆ పిల్ల ఏం చేస్తోంది మామా? బడికి వస్తుందా? ఆ ఒక్కటి రాయి.

అర్పిత

*

మాండవి,
మార్చి 2

చిరంజీవి అర్పితకు,
మామ ఆశీస్సులు.

సంతకంలోనే కాదు, ఈసారి పైన కూడా రాశాను, చూసుకో. నీ మీద కోపం తగ్గలేదు. నా మీద నాకున్నదానికంటే అది ఎక్కువ కాదని మాత్రం తెలిసింది.

ముందు రఖమాబాయి ఇంటికి పోయాను. కొత్త చర్మం వస్తోంది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచేలోపే ఆమె అన్నది: "మీరు జెప్పిన్రని కాదు సార్, పేపర్ల ఫోటో అస్తదని నాకే ఆశుండె." తప్పు తన మీద వేసుకుని నాకు చాయ్ పోయించింది. తిడితే బాగుండేది. ఆ చాయ్ ఎలా తాగానో నాకు తెలియదు.

మర్నాడు తరగతిలో నిలబడ్డాను. ఆ మూడు తప్పులూ నేను పుట్టించినవేనని, మీతో అబద్ధం రాయించానని, పూనమ్ ఒక్కతే నిజం రాసిందని, ఆమెను అన్యాయంగా బయట నిలబెట్టానని చెప్పాను. చెప్పాక పిల్లలు ఆశ్చర్యపోతారనుకున్నాను.

"మాకెరుకే సార్" అన్నాడు అమోల్.

"ఎరుకుంటే ఎందుకు చెప్పలేదురా?"

వాడు పక్కవాళ్లను చూశాడు. తర్వాత నిదానంగా అన్నాడు, "మేడం అచ్చిన దినం మీ చేతులు వణుకుతుండె సార్. చెప్తే మిమ్మల్ని ఏమన్న అంటరేమోనని."

అర్పితా, వల్లె వేయించింది నేనే, నిజమే. కానీ ఆ రోజు నీ ముందు వాళ్లు తడబడకుండా చెప్పింది నా భయానికి కాదు. నన్ను కాపాడటానికి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు ముప్ఫై ఒక్క మంది నా కోసం నిలబడి అబద్ధమాడారు. ఇరవై ఎనిమిదేళ్లలో నేను ఇంకా ఎంతమందితో ఆడించానో లెక్క లేదు.

ఖిచిడి గిన్నెకు ఇప్పుడు రెండు వెదురు బొంగులు కట్టాం. ఒక వైపు కోడలు, ఒక వైపు నేను పడుతున్నాం. బడి సారే గిన్నె మోస్తున్నాడని ఊళ్లో నవ్వుతున్నారు. నవ్వనీ.

పూనమ్ సోమవారం నుంచి బడికి వస్తోంది. నోటుబుక్కు ఆమె చేతికే ఇచ్చాను. తెరవలేదు, సంచిలో పెట్టుకుంది. నీ ఉత్తరం చదివిందో లేదో తెలియదు. అడిగితే "ఆఁ సార్" అన్నది. ఇప్పుడు నేను ఏమడిగినా "ఆఁ సార్" అంటుంది. మొండిది, చెబితే వినదు అని నీకు రాశాను కదా. ఇప్పుడు అన్నీ వింటుంది.

నిన్న మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. కాలమ్‌లు లేని తెల్ల నోటుబుక్కులు తెచ్చి పంచాను. బొంగులు మోసే వాళ్ల భుజం ఒరుసుకుపోతోంది, దానికేం చెయ్యాలో మీకు తోచింది గీయండి, ఎన్ని తప్పులైనా పర్వాలేదు, తప్పులు లేకపోయినా పర్వాలేదన్నాను. తరగతంతా ఒక్కసారి గోలగా మొదలైంది. అమోల్ అప్పుడే గోనెసంచి కావాలని కొట్లాడుతున్నాడు. పూనమ్ మాత్రం పేజీ తెరిచి, తారీకు వేసి, పెన్ను పట్టుకుని బోర్డు వైపు చూస్తూ కూర్చుంది.

దగ్గరికి పోయి, "గీయవా బిడ్డా?" అన్నాను.

"మీరు ఇంకా రాయలే గద సార్" అన్నది.

చాక్‌పీసు టేబుల్ మీద పెట్టేసి ఆ పిల్ల పక్కన కింద పరిచిన పట్టీ మీద కూర్చున్నాను. నేను రాయనమ్మా అని చెప్పాను. "ఆఁ సార్" అన్నది. బెల్లు కొట్టేదాకా బోర్డు వైపే చూస్తూ కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఇవాళ కూడా అలాగే కూర్చున్నాం.

రేపు కూడా కూర్చుంటాను.

మామ